పాఠం 14: మైదానం, ఇల్లు, పాత పేట – వీటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

14.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

– మీ పేటలోని భూమి ఎవరిదో, దాని మీద పన్ను ఎవరికి చేరుతుందో చెప్పగలుగుతారు;
– ఆటస్థలం, ఇల్లు, పాత కట్టడాలు అనే మూడు అవసరాలకు ఏ ఏ నిధులు ఉన్నాయో వివరించగలుగుతారు;
– ఇతర దేశంలో ఒక ఊరు తన నిధిని తానే ఎలా కూడబెట్టుకుంటుందో పోల్చి చూడగలుగుతారు;
– ఒక పనికి నిధి కోరుతూ సరైన కార్యాలయానికి దరఖాస్తు రాయగలుగుతారు.

14.1 పరిచయం

మీలో కొందరు ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగి ఉంటారు. కొందరికి అక్కడ మేనమామలో, పెదనాన్నలో ఉండి ఉంటారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధుల్లో సాయంత్రం నడిస్తే గుమ్మాల దగ్గర తెలుగు మాటలు వినిపిస్తాయి. వరుసగా రైల్వే క్వార్టర్లు, వాటి మధ్య చెట్లు, పిల్లలు క్రికెట్ ఆడే ఖాళీ జాగా కనిపిస్తాయి. కొన్ని క్వార్టర్ల గోడలు బీటలు వారి ఉంటాయి.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించండి. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో కలాసీగా చేరారు. తండ్రి అదే వర్క్‌షాపులో ఫిట్టరు అయ్యారు. వచ్చే ఏడాది ఆయన పదవీ విరమణ చేస్తారు. మూడు తరాలుగా ఉన్న పేటలో ఆ కుటుంబానికి సొంత గోడ ఒక్కటి కూడా లేదు. పదవీ విరమణ తరువాత ఆ క్వార్టరును సాధారణంగా 4 నెలలు మామూలు అద్దెకు, మరో 4 నెలలు ప్రత్యేక అద్దెకు ఉంచుకోవచ్చు. ఆ తరువాత ఖాళీ చేయాలి. ఖాళీ చేయకపోతే గ్రాట్యుటీ సొమ్మును నిలిపి ఉంచే అధికారం రైల్వేకు ఉంది.

ఆ ఫిట్టరుగారి ముందు మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఎక్కడ ఉండాలి? మనవడు ఆడుకునే మైదానం ఉంటుందా? మూడు తరాల పేట నిలుస్తుందా? ఈ మూడింటికీ డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుందో, దానిని ఎలా అడగాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

14.2 సెటిల్‌మెంట్ ఎలా ఏర్పడింది?

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఆ శతాబ్దం ముగిసే సమయానికి దాని దారులు ఖరగ్‌పూర్‌లో కలిశాయి. కొద్ది ఏళ్లలోనే అక్కడ పెద్ద వర్క్‌షాపు పని మొదలుపెట్టింది. వర్క్‌షాపుకు వేలమంది మనుషులు కావాలి. మద్రాసు వైపు వెళ్ళే రైలు దారి ఉత్తరాంధ్ర మీదుగా సాగడం వల్ల శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎందరో తెలుగువారు పని కోసం ఖరగ్‌పూర్ చేరారు.

వచ్చినవారు ఉండటానికి కంపెనీయే ఇళ్లు కట్టించింది. ఇళ్లతోపాటు రోడ్లు, నీరు, దీపాలు, ఆసుపత్రి, ఆటస్థలాలు కూడా కంపెనీయే ఏర్పాటు చేసింది. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నింపురా వంటి పేటలు ఈ విధంగా పెరిగినవే. బజారు చేసుకునే గోల్‌బజార్ కూడా రైల్వే భూమి మీదే ఉంది.

1944లో ప్రభుత్వం ఆ కంపెనీని తన చేతిలోకి తీసుకుంది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. యజమాని మారినా పద్ధతి మారలేదు. ఇల్లూ, రోడ్డూ, మైదానమూ ఒకే యజమాని చేతిలో ఉండిపోయాయి.

దీనివల్ల ఒక మేలు, ఒక కీడు కలిగాయి. మేలు ఏమిటంటే, తొలి రోజుల్లోనే చెట్లకూ ఆటలకూ చోటు వదిలి పేటలు వేశారు. రైల్వే సేర్సా స్టేడియంలో మహేంద్రసింగ్ ధోనీ వంటి ఆటగాడు టికెట్ తనిఖీ ఉద్యోగం చేస్తూ 2001 తరువాత కొన్నేళ్లు ఆడాడు. కీడు ఏమిటంటే, ఉద్యోగం ఉన్నంతకాలమే అక్కడ ఇల్లు. ఆ భూమిలో చేతికి అందే హక్కు కార్మికునికి ఎన్నడూ రాలేదు.

14.3 భూమి ఒకరిది, ఓటు ఒకచోట

ఖరగ్‌పూర్ పురపాలక సంఘం 1954లో ఏర్పడింది. చాలా కాలం రైల్వే పేటలు దాని వెలుపలే ఉన్నాయి. 2001 జనాభా లెక్కల్లో కూడా రైల్వే సెటిల్‌మెంటును పురపాలక పట్టణం నుంచి వేరుగా లెక్కించారు. అప్పుడు సెటిల్‌మెంటు జనాభా సుమారు 88 వేలు. 2010 పురపాలక ఎన్నికలతో రైల్వే ప్రాంతం కూడా వార్డులలో చేరింది. అంటే ఓల్డ్ సెటిల్‌మెంట్ మనిషికి పురపాలక కౌన్సిలర్‌ను ఎన్నుకునే ఓటు వచ్చింది.

ఓటు వచ్చినా భూమి మాత్రం కేంద్రప్రభుత్వానిదే. కౌన్సిలర్ ఒక కాలువ కట్టించాలన్నా రైల్వే భూమి మీద కట్టడానికి రైల్వే అనుమతి కావాలి.

ఇక పన్ను సంగతి చూద్దాం. పురపాలక సంఘానికి ముఖ్యమైన సొంత రాబడి ఆస్తిపన్ను. ఇంటి యజమాని ఆస్తిపన్ను కడతాడు. దానితో వీధి దీపం, చెత్త బండి, పార్కు నడుస్తాయి. కాని రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రప్రభుత్వ ఆస్తి మీద రాష్ట్రంగాని, స్థానిక సంస్థగాని మామూలుగా పన్ను వేయరాదు. కాబట్టి వేల క్వార్టర్లు ఉన్నా వాటి మీద మామూలు ఆస్తిపన్ను రాదు.

మరి పురపాలక సంఘం ఇచ్చే సేవలకు ప్రతిఫలం లేదా? ఉంది. దానిని సేవా రుసుము అంటారు. సుప్రీంకోర్టు 2009 నవంబరులో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. కేంద్రప్రభుత్వ ఆస్తులకు పన్ను లేకపోయినా, పొందే సేవలను బట్టి రుసుము చెల్లించాలి. దాని లెక్క ఈ విధంగా ఉంటుంది.

– పురపాలక సేవలన్నీ వాడుకుంటే: ఆస్తిపన్నులో 75 శాతం
– కొన్ని సేవలే వాడుకుంటే: 50 శాతం
– సేవలేవీ వాడుకోకపోతే: 33⅓ శాతం

ఉదాహరణ: ఒక కట్టడం ప్రైవేటు వ్యక్తిదైతే ఏడాదికి రూ. 1,000 పన్ను పడేదనుకోండి. అదే కట్టడం కేంద్రప్రభుత్వానిదైతే, పొందే సేవలను బట్టి రూ. 750, రూ. 500 లేదా రూ. 333 సేవా రుసుముగా రావాలి.

ఈ రుసుము మీ ఊరిలో ఎంత వస్తుందో, ఎంత బాకీ ఉందో తెలుసుకునే హక్కు మీకు ఉంది. దానిని ఎలా తెలుసుకోవాలో 14.6లో చూస్తారు.

పాఠగత ప్రశ్నలు 14.1

1. రైల్వే క్వార్టర్ల మీద మామూలు ఆస్తిపన్ను ఎందుకు రాదు?
2. సేవలన్నీ వాడుకునే కేంద్రప్రభుత్వ కట్టడానికి సేవా రుసుము ఎంత శాతం?
3. రైల్వే పేటల వారికి పురపాలక ఓటు ఏ ఎన్నికలతో వచ్చింది?

14.4 మూడు అవసరాలు, వాటికి ఉన్న నిధులు

అ) ఖాళీ స్థలం

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనులు ఉన్నాయి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు వాటిలో ఒకటి. మురికివాడల అభివృద్ధి మరొకటి. సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహం ఇంకొకటి. అంటే ఈ పాఠంలోని మూడు అవసరాలూ పురపాలక సంఘం పనుల జాబితాలోకి వస్తాయి.

రైల్వే తరఫున చూస్తే, క్వార్టర్ల మరమ్మతుకూ సిబ్బంది సౌకర్యాలకూ రైల్వే తన పద్దుల నుంచి ఖర్చు చేస్తుంది. ఇది కాక సిబ్బంది ప్రయోజన నిధి అని మరొకటి ఉంది. ఒక్కొక్క ఉద్యోగికి ఇంత అని లెక్కకట్టి రైల్వే ఈ నిధికి సొమ్ము ఇస్తుంది. ఆటలు, చదువు, వినోదం, ఆపదలో సాయం వంటి వాటికి దీనిని వాడతారు. దీనిని నడిపే సంఘంలో ఉద్యోగుల ప్రతినిధులు కూడా ఉంటారు. పిల్లల ఆటస్థలానికి సామాను కావాలంటే మీ యూనియన్ ప్రతినిధిని అడగవలసింది ఈ నిధి గురించే.

మూడో దారి పార్లమెంటు సభ్యుని స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం. ఇది 1993లో మొదలైంది. 2011–12 నుంచి ఒక్కొక్క సభ్యునికి ఏడాదికి రూ. 5 కోట్ల మేర పనులను సిఫారసు చేసే వీలు కల్పించారు. సభ్యుడు పనిని సిఫారసు చేస్తాడు. జిల్లా అధికారులు దానిని చేయిస్తారు. నలుగురికీ పనికివచ్చే, చిరకాలం నిలిచే పని అయి ఉండాలి. గుడికీ, మసీదుకూ, చర్చికీ ఈ సొమ్ము వాడరాదు. కాబట్టి మాతాపూజ పందిరికి ఈ నిధి అడిగితే రాదు. అదే చోట అందరూ వాడుకునే సమావేశ మందిరానికి అడిగితే పరిశీలిస్తారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇంకొక పద్ధతి ఉంది. కొత్త లేఅవుటు వేసేవారు 10 శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. అనుమతి లేని లేఅవుట్లలో ఆ స్థలం వదలరు. అందుకని తెలంగాణ ప్రభుత్వం 2020లో ప్లాట్ల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిచినప్పుడు, ఖాళీ స్థలం లేనిచోట ప్లాటు విలువలో 14 శాతం రుసుముగా కట్టమంది. మైదానాన్ని ముందే వదిలితే ఖర్చు లేదు. వదలకపోతే దాని ధరను తరువాత ప్లాటు కొన్న మనిషి కట్టవలసి వస్తుంది.

ప్లానులో పార్కుగా చూపిన స్థలాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీలు లేదు. బెంగుళూరులో పార్కు స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు కేటాయిస్తే, చుట్టుపక్కల నివాసులు కోర్టుకు వెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పింది.

ఆ) అందుబాటు ధరలో ఇల్లు

ఇల్లు కట్టుకోవడానికి సాయం చేసే పెద్ద పథకం ప్రధానమంత్రి ఆవాస్ యోజన. దీని పట్టణ భాగం 2015 జూన్‌లో మొదలైంది. సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే పేద కుటుంబానికి కేంద్రం రూ. 1.5 లక్షల సాయం ఇచ్చింది. రాష్ట్రం తన వాటా కలుపుతుంది. పథకం రెండో విడత 2024లో మొదలైంది.

ఇక్కడ ‘సొంత స్థలంలో’ అన్న మాటను గమనించండి. మన ఊళ్లలో పట్టా ఉన్నవారికి ఈ సాయం అందుతుంది. రైల్వే భూమి మీద ఉన్నవారి చేతిలో పట్టా ఉండదు. కాబట్టి రైల్వే భూమి మీద ఎంతకాలం ఉన్నా ఆ చోట ఇల్లు కట్టుకోవడానికి ఈ సాయం రాదు. ఫిట్టరుగారు ఈ విషయాన్ని పదవీ విరమణ రోజున తెలుసుకుంటే లాభం లేదు. ఉద్యోగంలో ఉండగానే వేరేచోట చిన్న స్థలం చూసుకోవాలి.

రైల్వే తన భూమిని ఏం చేస్తుందో కూడా తెలుసుకోవాలి. రైల్వే భూ అభివృద్ధి సంస్థ 2005 నాటి చట్ట సవరణ తరువాత ఏర్పడింది. రైల్వేకు వెంటనే అవసరం లేని భూమిని కౌలుకు ఇచ్చి రాబడి తేవడం దాని పని. పాత కాలనీల పునర్నిర్మాణం కూడా చేపడుతుంది. డెవలపరు కొంత భూమిలో కొత్త క్వార్టర్లు కట్టి ఇస్తాడు. అందుకు బదులుగా మిగిలిన భూమి మీద దీర్ఘకాలపు కౌలు హక్కు పొందుతాడు. ఈ పద్ధతిలో ప్రభుత్వ ఖజానా నుంచి ఖర్చు లేకుండానే ఉద్యోగికి గట్టి ఇల్లు రావచ్చు. అయితే ఆ ధర భూమి రూపంలో చెల్లుతుంది. ఖాళీ జాగా తగ్గిపోవచ్చు. కనుక ఇటువంటి ప్రతిపాదన ఏ కాలనీకి వచ్చినా అడగవలసిన మొదటి ప్రశ్న, ‘ప్లానులో మైదానం ఎక్కడ ఉంది?’ అన్నది.

ఇ) పాత కట్టడాలు, పేట జీవితం

పశ్చిమ బెంగాల్‌లో 2001 చట్టం కింద వారసత్వ కమిషన్ ఉంది. చరిత్ర గల కట్టడాలను గుర్తించడం, వాటి రక్షణకు సలహా ఇవ్వడం దాని పని. కాని వందేళ్ల ప్రతి క్వార్టరూ వారసత్వ కట్టడం కాదు. గోడ కూలేలా ఉంటే మనిషి ప్రాణమే ముందు. ఏది నిలపాలో, ఏది తీసివేయాలో ఎంచుకోవాలి.

పేట అంటే గోడలు మాత్రమే కాదు. తెలుగు చదువు చెప్పే బడి, గ్రంథాలయం, పండుగ జరిగే వీధి కూడా పేటే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషలలో చేర్చడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారు ఎంతోకాలంగా కోరిన విషయం ఇది. అయితే కుటుంబాలు చెదిరిపోతే బడికి పిల్లలు ఉండరు. ఇంటి ప్రశ్నకూ భాష ప్రశ్నకూ ఈ విధంగా సంబంధం ఉంది.

పాఠగత ప్రశ్నలు 14.2

4. సిబ్బంది ప్రయోజన నిధిని వేటికి వాడతారు? రెండు చెప్పండి.
5. రైల్వే భూమి మీద ఉన్నవారికి అక్కడ ఇల్లు కట్టుకోవడానికి ఆవాస్ సాయం ఎందుకు రాదు?

14.5 వేరొక చోట: ఊరే కూడబెట్టే నిధి

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2000 సంవత్సరంలో ఒక చట్టం చేశారు. దాని పేరు కమ్యూనిటీ ప్రిజర్వేషన్ చట్టం. పేటను కాపాడుకునే చట్టం అని మనం చెప్పుకోవచ్చు. అది పనిచేసే విధానం చూడండి.

1. ఊరి ప్రజలు ఓటు వేసి ఒప్పుకుంటేనే అది ఆ ఊరికి వర్తిస్తుంది.
2. ఒప్పుకున్న ఊరిలో ఆస్తిపన్ను మీద 3 శాతం వరకు అదనపు పన్ను వేయవచ్చు. తక్కువ ఆదాయం గలవారిని మినహాయించే వీలు ఉంది.
3. ఆస్తి పత్రాల రిజిస్ట్రేషన్ రుసుము నుంచి రాష్ట్రం కూడా కొంత కలుపుతుంది.
4. ఏటా వచ్చిన దానిలో కనీసం 10 శాతం ఖాళీ స్థలానికి, 10 శాతం పాత కట్టడాలకు, 10 శాతం అందుబాటు ఇళ్లకు కేటాయించాలి. మిగిలిన 70 శాతాన్ని ఈ అవసరాల మధ్య ఊరు ఇష్టప్రకారం పంచుకోవచ్చు. ఆటస్థలాలకు కూడా వాడవచ్చు.
5. 5 నుంచి 9 మంది గల సంఘం పనులను సూచిస్తుంది. ఖర్చుకు ఆమోదం ఊరి సభో, కౌన్సిలో ఇవ్వాలి. సంఘం సూచించని పనికి సొమ్ము ఇవ్వరాదు.

ఊహించిన లెక్క ఒకటి చేద్దాం. ఒక ఊరిలో 10,000 ఇళ్లు ఉన్నాయి. సగటు పన్ను రూ. 600. 3 శాతం అంటే ఇంటికి రూ. 18. పేదల ఇళ్లు 2,000 మినహాయిస్తే, 8,000 ఇళ్ల నుంచి రూ. 1,44,000 వస్తుంది. అందులో 10 శాతం రూ. 14,400. మూడు అవసరాలకు కనీసపు వాటాలు కలిపి రూ. 43,200. మిగిలేది రూ. 1,00,800.

ఈ పద్ధతిలో ఒక మంచి ఉంది. మూడు అవసరాలలో ఏ ఒక్కటీ మిగతా వాటిని మింగలేదు. ఒక చిక్కు కూడా ఉంది. మొదటి కొన్ని సంవత్సరాలు ఊరు కూడబెట్టిన ప్రతి డాలరుకు రాష్ట్రం ఒక డాలరు కలిపింది. చేరిన ఊళ్లు పెరిగిన తరువాత ఆ వాటా బాగా తగ్గింది. అయినా ఆ రాష్ట్రంలోని 351 ఊళ్లలో సగానికి పైగా ఇందులో చేరాయి.

ఇదే పద్ధతిని ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు యథాతథంగా తేగలమా? తేలేము. అక్కడ ఉండేవారు ఇంటి యజమానులు కారు. ఆస్తిపన్ను కట్టనివారి మీద అదనపు పన్ను వేయడం కుదరదు. అయితే ఆలోచించదగిన మాట ఒకటి ఉంది. రైల్వే ఆస్తుల మీద వచ్చే సేవా రుసుములో ఒక నిర్ణీత వాటాను అదే పేటల మైదానాలకూ సౌకర్యాలకూ ఖర్చు చేయమని వార్డు ప్రజలు కోరవచ్చు. దీనిపై మీ అధ్యయన కేంద్రంలో తోటివారితో చర్చించండి.

14.6 మీరు ఏం చేయవచ్చు?

మొదటి మెట్టు: భూమి ఎవరిదో తేల్చుకోండి. రైల్వేదా, పురపాలక సంఘానిదా, రాష్ట్రానిదా? తప్పు కార్యాలయానికి వెళ్ళిన దరఖాస్తు అక్కడే నిలిచిపోతుంది.

రెండో మెట్టు: సమాచారం తెప్పించుకోండి. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం కేంద్ర కార్యాలయాలకు దరఖాస్తు రుసుము రూ. 10. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవారు రుసుము కట్టనక్కరలేదు. మామూలుగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ‘మా ఊరి మైదానం సంగతి ఏమిటి?’ అని అడిగితే జవాబు రాదు. ‘ఈ మైదానం ఏ ప్లానులో ఏ అవసరానికి చూపబడింది? ఆ ప్లాను నకలు ఇవ్వండి’ అని అడగండి. ‘గత మూడు సంవత్సరాలలో రైల్వే ఆస్తులపై ఎంత సేవా రుసుము అందింది?’ అని పురపాలక సంఘాన్ని అడగండి.

మూడో మెట్టు: పదిమందితో కలిసి ఒక్క పనినే కోరండి. ఇరవై కోరికల కాగితం కంటే ఒక్క కోరిక గల కాగితం బలమైనది. తెలుగులో రాసుకుని, బెంగాలీలోనో ఇంగ్లీషులోనో ప్రతి జతచేయండి. అందినట్టు ముద్ర వేయించుకుని నకలు దాచుకోండి.

నాలుగో మెట్టు: పని పూర్తయిన తరువాత నిర్వహణ ఎవరిదో ముందే రాయించుకోండి. పార్కు కట్టిన సొమ్ము ఒక్కసారి వస్తుంది. నీళ్లు పోసే మనిషి జీతం ప్రతి నెలా కావాలి. చాలా పార్కులు పాడయ్యేది ఇక్కడే.

14.7 మీరేం నేర్చుకున్నారు?

– ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి పేటలలో భూమి కేంద్రానిది. ఓటు పురపాలక సంఘంలో.
– కేంద్ర ఆస్తికి మామూలుగా పన్ను లేదు. సేవా రుసుము ఉంది.
– మైదానానికి సిబ్బంది ప్రయోజన నిధి, పార్లమెంటు సభ్యుని నిధి, పురపాలక నిధి అనే దారులు ఉన్నాయి.
– ఆవాస్ సాయానికి సొంత స్థలం కావాలి. కనుక ఉద్యోగంలో ఉండగానే ఏర్పాటు చేసుకోవాలి.
– నిధిలో ప్రతి అవసరానికీ కనీసపు వాటా ముందే నిర్ణయిస్తే ఏదీ వెనకబడదు.

పాఠాంత ప్రశ్నలు

1. రైల్వే కంపెనీ పేటలు కట్టడం వల్ల కలిగిన మేలు, కీడు వివరించండి.
2. మసాచుసెట్స్ పద్ధతికీ మన సేవా రుసుము పద్ధతికీ గల తేడాలు రాయండి.
3. 14.1లోని ఫిట్టరుగారు మీ బాబాయి అనుకోండి. పదవీ విరమణకు ఏడాది ముందు ఆయన చేయవలసిన పనులను ఉత్తరంగా రాయండి.
4. మీ పేటలో ఒక ఖాళీ స్థలాన్ని ఎంచుకుని, దానికి తగిన నిధిని కోరుతూ దరఖాస్తు రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. అవి కేంద్రప్రభుత్వ ఆస్తులు. రాజ్యాంగం 285వ అధికరణం వాటిని స్థానిక పన్ను నుంచి మినహాయించింది.
2. 75 శాతం.
3. 2010 పురపాలక ఎన్నికలతో.
4. ఆటలు, చదువు, వినోదం, ఆపదలో సాయం – వీటిలో ఏవైనా రెండు.
5. ఆ సాయం సొంత స్థలంలో కట్టుకునేవారికే ఉద్దేశించినది. రైల్వే భూమికి వారి పేర పట్టా ఉండదు.